పదకొండో ప్రారంభోత్సవం

రావులదిన్నె బాలికల ఉన్నత పాఠశాలలో మరుగుదొడ్లకు పది ప్రారంభోత్సవాలు జరిగాయి. పదీ ఒకే మరుగుదొడ్లకు జరిగాయి. పదిసార్లూ రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, జీడిపప్పు పకోడీ తిన్నారు, తాళం వేసుకుని వెళ్ళిపోయారు. ప్రధానోపాధ్యాయిని దయామణి పదిసార్లూ శాలువా కప్పించుకుంది. బీరువాలో ఆ శాలువాలు పెరిగి పెరిగి చీరలు పెట్టెలోకి దిగాయి.

అంతకుముందు ఆ బడిలో మరుగుదొడ్లు లేవని కాదు. పాతవి రెండు ఉండేవి. తలుపుల కింది చెక్క చివికిపోయింది, పైన ఒక రేకు తుఫానుకు లేచిపోయింది. లోపలికి వెళ్ళిన పిల్ల కోసం బయట ఇంకో పిల్ల చున్నీ అడ్డం పట్టుకుని నిలబడేది. ఎలా ఉన్నా అవి పని చేసేవి. కిందటి జూన్‌లో సేవామిత్ర క్లబ్బు వారు వచ్చి చూసి, గుండె కరిగి, ఒక్క పూటలో వాటిని కూల్చేసి, ఆ చోట కొత్తవి కట్టించారు. కూల్చేటప్పుడు తీసిన ఫొటో కూడా సేవ కిందే లెక్కకు వచ్చింది.

ఆ ఊళ్ళో సేవామిత్ర క్లబ్బు సేవను తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. మజ్జిగ తాగకుండా బస్సెక్కిన ప్రయాణికుణ్ణి బస్సు దింపి మరీ తాగించేవారు. ఆటోస్టాండు వాళ్ళకు ఒక్క ఏడాదిలో నాలుగుసార్లు రక్తం గ్రూపు చూశారు. నాలుగుసార్లూ అదే గ్రూపు వచ్చినా క్లబ్బు ఉత్సాహం తగ్గలేదు. సభ్యులు ఒకరినొకరు పేరుకు ముందు 'మిత్ర' చేర్చి పిలుచుకునేవారు. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి తిట్టేటప్పుడు కూడా ఆ మర్యాద తప్పేవారు కాదు.

క్లబ్బు అధ్యక్షుడు మిత్ర చుండూరి పాండురంగారావుది బజార్లో పురుగుమందుల కొట్టు. మనిషి మంచివాడు. ఆ మాట ఊళ్ళో ఎవరైనా ఒప్పుకుంటారు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే దయామణి మొదటి నెలలోనే పోట్లాడి ఉండేది.

మొదటి ప్రారంభోత్సవమైన మర్నాడే ఆమె తాళంచెవి కోసం ఆ కొట్టుకు వెళ్ళింది.

"తాళంచెవి దేనికి మేడం?" అన్నాడు పాండురంగారావు, కుర్చీ దులిపి వేస్తూ.

"పిల్లలు వాడుకోవాలి గదండీ."

ఆయన నిజంగానే ఉలిక్కిపడ్డాడు. "వాడుకోవటమేంది మేడం! ఇరవయ్యో తారీకున జోన్ చైర్మన్ గారు వస్తన్నారు. పాతదానికి రిబ్బను కట్టి ఆయన చేత కత్తిరించమంటారా? మర్యాదగా ఉంటదా?"

పక్కనే క్లబ్బు ప్రోటోకాల్ చైర్మన్ మిత్ర నరహరి ఉన్నాడు. తాలూకా ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయిన మనిషి. రిటైరయింది ఉద్యోగం నుంచే గాని నియమాల నుంచి కాదు. ఆయన సంచీలోంచి నీలం అట్ట పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని, లేచి నిలబడి చదివాడు.

"సేవామిత్ర నియమావళి, నాలుగవ అధ్యాయము, ఏడవ నియమము. వినియోగములోనికి రాని ప్రాజెక్టు నూతన ప్రాజెక్టుగా పరిగణింపబడును. నూతన ప్రాజెక్టునకు జరుగు ప్రతి ప్రారంభోత్సవమునకు వంద పాయింట్లు. వినియోగములోనికి వచ్చిన ప్రాజెక్టునకు పాయింట్లు నాలుగు." పుస్తకం మూసి, "అమ్మా, వందకూ నాలుగుకూ తేడా మీకు నేను చెప్పాలా? మీరు లెక్కల టీచరు," అన్నాడు.

"నా దగ్గర నాలుగొందల మంది ఆడపిల్లలున్నారండీ. వాళ్ళకు పాయింట్లు లేవా?"

"వాళ్ళు లబ్ధిదారులు మేడం," అన్నాడు పాండురంగారావు ఎంతో ఆప్యాయంగా. "వాళ్ళు లేకపోతే మేం లేం. ఒక్క నెల ఓపిక పట్టండి."

ఒక్క నెల కాస్తా ఎనిమిది నెలలైంది. జోన్ చైర్మన్ తర్వాత రీజియన్ చైర్మన్ వచ్చాడు. ఆయన తర్వాత మహిళా విభాగం, ఆ తర్వాత యువ విభాగం, ఆ తర్వాత పూర్వ అధ్యక్షుల సంఘం. వచ్చినవాళ్ళంతా తమ పేరు గోడమీద ఉండాలన్నారు. ప్రతి ప్రారంభోత్సవానికీ ఒక శిలాఫలకం చొప్పున ముందు గోడ నిండింది, పక్క గోడలు నిండాయి. తొమ్మిదో ఫలకానికి చోటు చాలక వెంటిలేటరు మూసి అక్కడ అతికించారు.

లోపల కూడా క్లబ్బు ఊరుకోలేదు. వాడని గది బోసిగా ఉందని ఒకరు గోడగడియారం ఇచ్చారు, ఒకరు ప్లాస్టిక్ పూలకుండీలు ఇచ్చారు. పూర్వ అధ్యక్షుల ఫొటోలు ఫ్రేములు కట్టించి వరసగా తగిలించారు. ప్రతి ప్రారంభోత్సవానికీ ఇవన్నీ చూడటానికి పక్క ఊళ్ళ క్లబ్బుల వాళ్ళు వ్యానుల్లో వచ్చి, గుమ్మం ముందు 'చెప్పులు బయట విడువవలెను' అన్న బోర్డు చదివి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, చేతులు కట్టుకుని చూసి, సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళేవారు. ఒకాయన అలవాటు కొద్దీ దండం కూడా పెట్టాడు. ఎవరొచ్చినా తొమ్మిది, పది తరగతుల పిల్లలు పూలపళ్ళాలు పట్టుకుని ఎండలో రెండు వరసలుగా నిలబడాల్సిందే. వాళ్ళు ఎదురు చూస్తున్న గదుల్లోకి వచ్చే పోయేవాళ్ళ మీద వాళ్ళే పూలు చల్లేవాళ్ళు.

దయామణి నాలుగు ఉత్తరాలు రాసింది. నాలుగింటికీ కలిపి క్లబ్బు ఆమెకు 'ఉత్తమ లబ్ధిదారు' పురస్కారం ఇచ్చింది. దాంతోపాటు మరో శాలువా, జ్ఞాపికగా నీలం అట్ట నియమావళి ప్రతి ఒకటి. ఆమె ఆ పుస్తకాన్ని విసురుగా టేబులు సొరుగులో పడేసింది.

ఫిబ్రవరి చివరి వారంలో ఒక మంగళవారం ఖైరున్నీసా బడికి వచ్చింది. బజార్లో జాకెట్లు కుట్టి బతికే మనిషి. ఆమె కూతురు నసీమా తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఆ పిల్ల తర్వాతే బడిలో ఎవరైనా. దయామణి పదహారేళ్ళ ఉద్యోగంలో, బోర్డు మీద తను చేసిన తప్పును లేచి నిలబడి సరిచేసిన పిల్ల అదొక్కతే.

"నసీమాని సోమవారం నుంచి మాన్పిస్తన్నా మేడం," అంది ఖైరున్నీసా, కూర్చోకుండానే.

"ఎందుకమ్మా? ఏమైంది?"

"పొద్దున ఇంట్లో చుక్క నీళ్ళు తాగకుండా వస్తది. సాయంత్రం దాకా తాగదు. తాగితే యాడికి పోవాల? మొన్న కళ్ళు తిరిగి రోడ్డు మీద పడింది. డాక్టరు ఒంట్లో నీళ్ళు లేవు, ఇట్టాగే ఉంటే కిడ్నీలు పోతయ్యన్నాడు. నెలకి అయిదు రోజులు ఎట్టాగూ రాదు. ఇంక చదువెందుకు మేడం? పిల్ల బతికుంటే చాలు. మిషను నేర్పుకుంటా."

దయామణికి సిగ్గు వేసింది. తను పదిసార్లు శాలువా కప్పించుకుని నవ్వుతూ ఫొటో దిగినందుకు సిగ్గు, ఈ తల్లి చెప్పేదాకా ఉత్తరాలతో కాలం గడిపినందుకు ఇంకా సిగ్గు.

"సోమవారం దాకా ఆగమ్మా," అంది. "ఆ రోజు నువ్వే తీసుకొచ్చి చూసుకో. అప్పటికీ తలుపు తీసి లేకపోతే నేనే టీసీ రాసిస్తాను."

మాటైతే ఇచ్చేసింది గాని ఎలా నిలబెట్టుకోవాలో ఆమెకే తెలియదు. శనివారం సాక్షాత్తూ క్లబ్బుల డిస్ట్రిక్ట్ గవర్నరే వచ్చి పదకొండోసారి ప్రారంభిస్తాడు. తాళం పగలగొడితే క్లబ్బు వాళ్ళు ఇంకా పెద్ద తాళం వేస్తారు, కలెక్టరు దగ్గర 'దాతల ఆస్తికి నష్టం' అని కాగితం పెడతారు. మధ్యాహ్నం ఇంటర్వెల్లులో ఆమె సొరుగు లాగి ఆ నీలం అట్ట పుస్తకం తీసింది. ఏడవ నియమం దగ్గర పేజీ తిప్పితే ఎనిమిదవది కనిపించింది.

'వినియోగములోనికి వచ్చిన క్షణము నుండి ప్రాజెక్టు లబ్ధిదారు పరమగును. తదుపరి క్లబ్బునకు దానిపై ఎట్టి హక్కు ఉండదు.'

ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ఎవరో ఒకరు, ఒక్కసారి వాడితే చాలు. అయితే ఆ తాళం తెరిచేది ప్రారంభోత్సవం రోజునే, ఆ రోజు అందరికంటే ముందు లోపల అడుగు పెట్టేది ముఖ్య అతిథి. వాడితే ఆయనే వాడాలి. దయామణి పుస్తకం మూసి, చెయ్యకూడని పనేదో చెయ్యబోతున్నట్టు ఒకసారి చుట్టూ చూసి, నరహరి ఇంటికి బయలుదేరింది.

"గవర్నరు గారి అతిథి మర్యాద ఈసారి మా బడికి వదిలెయ్యండి సార్," అంది. "ఇన్నాళ్ళూ మాకు చేశారు. ఒక్కసారి మమ్మల్నీ చెయ్యనివ్వండి."

నరహరి కళ్ళు చెమర్చాయి. "లబ్ధిదారులలో కృతజ్ఞతాభావము వికసించుట సేవ యొక్క పరమ ప్రయోజనము తల్లీ," అని అప్పటికప్పుడు అనుమతి పత్రం రాసి ముద్ర వేశాడు.

శనివారం పది గంటలకు గవర్నరు కారు దిగాడు. మిత్ర డాక్టర్ విశ్వమోహన్, పళ్ళ డాక్టరు, అరవై దాటిన పెద్దమనిషి. రెండున్నర గంటలు కార్లో కూర్చుని వచ్చాడు. మెడలో బిళ్ళల హారం, భుజం మీద పట్టీ, రొమ్మున పదిహేడు బ్యాడ్జీలు. దిగీ దిగగానే దయామణి కొబ్బరిబోండాం అందించింది. ఆయన తాగాడు. బడి ఆయా రోశమ్మ, లేత బోండాం ఇంకోటి ఉంది బాబూ అంటూ కొట్టి ఇచ్చింది. మొహమాటానికి అదీ తాగాడు. వేదిక ఎక్కాక పెద్ద గ్లాసుతో పుచ్చకాయ రసం వచ్చింది, అరగంట ఆగి అల్లం మజ్జిగ, దాని వెనకే టీ. ఇంత మర్యాద తెలిసిన బడి తన డిస్ట్రిక్టులో ఇంకోటి లేదని గవర్నరు పక్కనే కూర్చున్న దయామణితో అన్నాడు. ఆమె తలొంచుకుంది. ఆయన మీద ఆమెకు జాలి కలగలేదంటే అబద్ధమవుతుంది.

కార్యక్రమంలో ఇరవై ఏడు అంశాలున్నాయి. సభను గంట కొట్టి తెరవడం, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, సేవామిత్ర ప్రతిజ్ఞ, ప్రతిజ్ఞకు అర్థవివరణ, వేదిక మీది వారిని కిందివారికి పరిచయం చేయడం, కిందివారిని వేదిక మీదివారికి పరిచయం చేయడం. తొమ్మిదో అంశం దగ్గర గవర్నరు కాలు మీద కాలు వేసుకున్నాడు. పదకొండో అంశం దగ్గర కాళ్ళు మార్చాడు. పదమూడో అంశంలో నరహరిని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు.

నరహరి కాగితం చూసుకున్నాడు. "మిత్ర గవర్నర్ సార్, తమరి కోరిక సర్వథా సమంజసము. కానీ ప్రారంభోత్సవము ఇరవై రెండవ అంశము. ముగింపు గంట కొట్టనిదే గవర్నరు వారు ప్రాంగణము దాటరాదని నియమము. దానిని తమరే కిందటి మహాసభలో ప్రవేశపెట్టియున్నారు."

గవర్నరు బడి చుట్టూ చూశాడు. ప్రహరీ వెంబడి నాలుగొందల మంది ఆడపిల్లలు, వాళ్ళ ముందు బ్యాండు మేళం, ముగ్గురు ఫొటోగ్రాఫర్లు. ఆయన మెల్లగా దయామణి వైపు వంగాడు.

"అమ్మా, ఈ బడిలో ఇంకెక్కడా లేదా?"

"రెండుండేవండీ. వీటి కోసం మీవాళ్ళే కూల్చేశారు."

పదిహేడో అంశం గవర్నరుగారి జీవిత విశేషాలు. పాండురంగారావు పదకొండు పేజీల కాగితాలు పట్టుకుని మైకు ముందుకు వచ్చాడు. ఆయన జన్మించిన ఇల్లు, ఆ ఇంటి పెరడు, పెరట్లోని నిమ్మచెట్టు దాకా ఏదీ వదలకుండా చదవసాగాడు. ఆ లెక్కన విశ్వమోహన్ ఇంకా అయిదో తరగతిలో ఉండగా, వేదిక మీది విశ్వమోహన్ లేచి నిలబడ్డాడు. పొగడ్త వినలేని వినయమని సభ చప్పట్లు కొట్టింది. ఆయన ఎవరినీ చూడకుండా మెట్లు దిగి మరుగుదొడ్ల వైపు నడిచాడు. గవర్నరు కదిలాడు కాబట్టి బ్యాండు మోగింది. బ్యాండు మోగింది కాబట్టి పిల్లలు పూలు చల్లారు. వెనక పాండురంగారావు కాగితాలతో, నరహరి నియమావళితో పరుగెత్తుకొచ్చారు.

"సార్, అయిదు అంశములు దాటవేయుచున్నారు!"

"కత్తెర," అన్నాడు గవర్నరు.

"రిబ్బను ముందు రెండు మాటలు చెప్పటం సంప్రదాయం సార్—"

"కత్తెర!"

రిబ్బను తెగింది. పాండురంగారావు తాళం తీసి తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. గవర్నరు బోర్డు చూసి బూట్లు అక్కడే విసిరేసి లోపలికి వెళ్ళి, ఆ ఎనిమిది నెలల్లో అంతకుముందు ఎవరూ చెయ్యని పని చేశాడు. తలుపు వేసుకున్నాడు.

బయట బ్యాండు ఆగింది. ఫొటోగ్రాఫర్లు కెమెరాలు ఎత్తిపట్టి నిలబడ్డారు. రెండు నిమిషాలు గడిచాయి.

"ఫొటోలు చూస్తన్నట్టున్నారు. పూర్వ అధ్యక్షులంటే ఆయనకి అంత గౌరవం," అన్నాడు పాండురంగారావు. ఇంకో నిమిషం గడిచాక ఆయన ముఖం పాలిపోయింది. "మేడం... ఆయన వాడుతన్నారా?"

"వాడుతున్నారండీ," అంది దయామణి.

"అయ్యో! ఎనిమిది నెల్లు కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాం మేడం!" ఆయన గొంతులో నిజంగానే ఏడుపు ఉంది.

అంతలో లోపలినుంచి కుళాయి తిప్పుతున్న చప్పుడు వచ్చింది. ఒకటి తిప్పారు, రెండోది తిప్పారు. ఆ తర్వాత గవర్నరు గొంతు వినిపించింది.

"ఎవరయ్యా బయట? నీళ్ళు రావటంలేదు!"

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుళాయిలు పన్నెండూ మేలైన స్టీలువి, ప్రతి ప్రారంభోత్సవానికీ తుడిచి మెరిపించినవి. వాటికి పైపు కలపాలని ఎవరికీ తోచలేదు. పైపు భూమిలో ఉంటుంది, ఫొటోలో పడదు.

పైపు లేదని ముందే ఎరిగిన దయామణి సైగ చేసింది. రోశమ్మ తన ఇంటి బోరింగు దగ్గర పొద్దున్నే నింపి తెచ్చిన బకెట్టు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"నీళ్ళు తెచ్చామండీ," అంది దయామణి తలుపుకు దగ్గరగా నిలబడి. "మీరు వాడారు కాబట్టి ఎనిమిదవ నియమం ప్రకారం ఇవి ఇక మా బడివి. తాళంచెవి మాకు ఇప్పించండి సార్. ఇప్పించగానే బకెట్టు లోపల పెడతాను."

"మేడం, ఇదేం న్యాయం!" అన్నాడు పాండురంగారావు. "సార్, మార్చిలో ఇంటర్నేషనల్ డైరెక్టరు గారు వస్తన్నారు. కార్డులు కూడా వేయించాం—"

"ఇచ్చెయ్యవయ్యా!" అని లోపలినుంచి కేక. గవర్నరు ఆ ఏడాది చేసిన ప్రసంగాలన్నింటిలోకీ చిన్నది అదే, ఫలితం కనిపించింది కూడా దానికే.

పాండురంగారావు దిక్కుతోచక నరహరి వైపు చూశాడు. నరహరి పుస్తకం తెరిచి, ఎనిమిదవ నియమం పెదవులు కదుపుతూ చదువుకుని, అట్ట మూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నియమము నియమమే మిత్రమా. ఇచ్చివేయుడు," అన్నాడు. తన జీవితంలో ఒక నియమం వల్ల ఎవరికైనా మేలు జరగడం ఆయన చూడటం అదే మొదలు. ముఖంలో కాస్త భయం కూడా కనిపించింది.

తాళంచెవి దయామణి చేతిలో పడింది. "పైపు కూడానండీ. ఆదివారం సాయంత్రానికి," అంది.

"వేస్తాడు! నేను చెబుతున్నాగా, వేస్తాడు!" అని లోపలినుంచి మళ్ళీ కేక.

ఆమె తలుపు సందులోంచి బకెట్టు లోపలికి జరిపింది.

గవర్నరు బయటికి వచ్చేసరికి పట్టీ నడుము దగ్గరికి జారింది, ఒక చెయ్యి మోచేతి దాకా తడిసింది. ఇరవై మూడో అంశం గవర్నరుగారి సందేశం గనుక నరహరి మైకు తెచ్చి నోటి ముందు పట్టుకున్నాడు. గవర్నరు జేబులో ఎనిమిది పేజీల సందేశం ఉంది. ఆయన దాని జోలికి పోలేదు. ఎదురుగా పూలపళ్ళాలు పట్టుకుని నిలబడ్డ ఆడపిల్లల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. పొద్దున వచ్చినప్పుడు కూడా వాళ్ళ మధ్యనుంచే నడిచి వచ్చాడు గాని, అప్పుడు చూడలేదు.

"అమ్మా, నేను గంటన్నరకే చచ్చిపోయాను," అన్నాడు దయామణితో. మైకు వల్ల ఆ మాట బడంతా వినిపించింది. "వీళ్ళు ఎట్లా ఉంటున్నారమ్మా?"

"నీళ్ళు తాగకుండా ఉంటున్నారండీ," అంది దయామణి. "రోజుకు ఏడు గంటలు. ఎనిమిది నెలల నుంచి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాండురంగారావు చేతిలోని పదకొండు పేజీలను మడత మీద మడత పెడుతూ నేల చూస్తున్నాడు. మనిషి మంచివాడు కాబట్టి, ఆ మాట ఆయనకు ఆలస్యంగానైనా తగిలింది.

దయామణి వరసల వైపు తిరిగి, "ఇంకా నిలబడ్డారేంటి? వెళ్ళండమ్మా," అంది.

పిల్లలు నమ్మలేనట్టు ఒక్క క్షణం ఆగారు. తర్వాత నసీమా చేతిలోని పళ్ళెం నేలమీద పెట్టి పరుగెత్తింది. దాని వెనకే అందరూ పళ్ళాలు వదిలేసి పరుగెత్తారు. రోశమ్మ బోరింగు దగ్గరి నుంచి రెండో బకెట్టు మోసుకొస్తోంది. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్న గవర్నరు, పిల్లలు మీదికి వస్తుంటే చూసి, గబగబా పక్కకు తప్పుకుని, వెళ్ళి రోశమ్మ చేతిలోని బకెట్టు అందుకున్నాడు.